చెన్నైలో పాత సామానుతో కమ్మరి పని మొదలుపెట్టడం: చోటు చూసుకోవడం నుంచి మొదటి కొక్కెం దాకా

కమ్మరి పని నేర్చుకుంటామని వచ్చే మనవాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది, దాగలి (కాలిన ఇనుముని పెట్టి కొట్టే దిమ్మ) ఎక్కడ దొరుకుతుందని. రెండోది, లారీ కమాను పట్టీతో (లీఫ్ స్ప్రింగ్‌తో) కత్తి ఎలా చేయాలని. మొదటిదానికి జవాబు కింద ఉంది, రెండోదాని గురించి చివర్లో ఒక మాట చెబుతాను. కానీ ఆ వరసలో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే ఆపేయడం చూశాను. డబ్బంతా దాగలికి పోతుంది, కొలిమి సరిగ్గా వేడెక్కదు, ఏ రకమో తెలియని ఉక్కుని చల్లబడ్డాక కూడా బాదుతుంటే అది పగులుతుంది, ఆ తప్పు చేతిదో నిప్పుదో ఇనుముదో వాళ్లకి తేలదు.

డబ్బు, శ్రద్ధ పెట్టడంలో నేను చెప్పే వరస వేరు. ముందు చోటు, తర్వాత నిప్పు, తర్వాత మెత్తటి ఇనుము, ఆ తర్వాతే దాగలి. కత్తి సంగతి ఇప్పుడు వద్దు. 10 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మామూలు మెత్తటి ఇనుము) కడ్డీతో కనీసం రెండు డజన్ల కొక్కేలు చేసేదాకా వేరే ఉక్కు ముట్టుకోకండి.

1. ముందు చోటు చూసుకోండి

అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఈ పని కుదరదు. పొగ, నిప్పురవ్వలు, చప్పుడు, మూడూ ఇబ్బందే. కింద కారు పార్కింగ్‌లో కూడా వద్దు, పెట్రోలు ట్యాంకుల పక్కన కొలిమి పెట్టకూడదు. సొంత ఇంటి పెరడు, ఊరి చివర ఖాళీ స్థలం, అంబత్తూరు వైపు ఎవరిదైనా తెలిసిన వెల్డింగ్ షెడ్డులో ఆదివారం పూట ఒక మూల, ఇలాంటివి చూడండి. మాధవరం, రెడ్‌హిల్స్ వైపు ఉన్నవాళ్లకు ఇది కాస్త తేలిక.

నేల మట్టిదో ఇసుకదో అయితే మంచిది. సిమెంటు గచ్చు మీద ఎర్రగా కాలిన ముక్క పడితే లోపలి తేమ ఆవిరై గచ్చు పెచ్చులు ఎగురుతుంది. గచ్చు తప్పకపోతే మూడు అంగుళాల మందాన ఇసుక పరవండి.

పైన నీడ ఉండాలి, పక్కలు తెరిచి ఉండాలి. నీడ ఎండ కోసమే అనుకోకండి, నిజానికి రంగు కోసం. ఎండలో ఎర్రటి ఇనుము నల్లగానే కనిపిస్తుంది, నారింజ రంగు వచ్చిందో లేదో తెలియదు, తెలిసేలోపు కాలిపోతుంది. పక్కలు తెరవడం కార్బన్ మోనాక్సైడ్ కోసం. బొగ్గు కాలేటప్పుడు వచ్చే ఆ వాయువుకి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, తల తిప్పడం మొదలైతే వెంటనే బయటికి వచ్చేయండి.

చప్పుడు గురించి పక్కింటివాళ్లతో మొదటి రోజు కంటే ముందే మాట్లాడండి. ఆదివారం ఉదయం 7 నుంచి 10 దాకా, లేదా సాయంత్రం 5 తర్వాత రెండు గంటలు అని చెప్పి, ఆ మాట మీద ఉండండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చట్టప్రకారమే కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కొలిమి ముందు నిలబడకండి. ఎంత అలవాటున్నవాళ్లకైనా వడదెబ్బ తగులుతుంది.

2. ఒంటి మీద ఏముండాలి

- నూలు బట్టలే. పాలిస్టర్ చొక్కా మీద రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.
- మూసి ఉన్న తోలు బూట్లు. ప్యాంటు అంచు బూటు పైకి రావాలి, బూటు లోపలికి దోపకూడదు.
- కళ్లద్దాలు. చూపు కోసం వాడేవి చాలవు, పక్కలు కూడా మూసే సేఫ్టీ గ్లాసెస్ కొనండి.
- చెవులకు ప్లగ్గులు. చెవుడు మెల్లగా వస్తుంది, వచ్చాక పోదు.
- సుత్తి పట్టే చేతికి గ్లవ్ వద్దు, పట్టు జారుతుంది. ఇనుము పట్టే చేతికి తోలు గ్లవ్, కాస్త వదులుగా, విదిలిస్తే ఊడిపోయేలా.
- బకెట్ నిండా నీళ్లు, ఇంకో బకెట్ ఇసుక, చేతికందే దూరంలో.

నల్లగా ఉన్నంత మాత్రాన ఇనుము చల్లారినట్టు కాదు. 400 డిగ్రీల దగ్గర కూడా ఇనుము పగటి వెలుతురులో మామూలు నల్ల కడ్డీలాగే ఉంటుంది. కింద ఉన్న ఏ ముక్కనైనా తీసే ముందు చేతి వెనకభాగం దగ్గరగా పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. నేను చూసిన కాలిన గాయాల్లో ఎర్రటి ఇనుముతో అయినవి తక్కువ, నల్లటి ఇనుముతో అయినవే ఎక్కువ.

3. పుదుప్పేట వెళ్లే ముందు

పాత బళ్ల భాగాలకు చెన్నైలో పుదుప్పేటే. కొత్త చేతి పనిముట్లు, డిస్కులు, ఆకురాళ్లు (ఫైళ్లు) కావాలంటే ప్యారీస్ కార్నర్ దగ్గర లింగిచెట్టి వీధి. మామూలు ఇనుప కడ్డీలు మీ పేటలో గేట్లు, గ్రిల్సు చేసేవాళ్లు ఎక్కడ కొంటారో అక్కడే కొనండి.

వెళ్లేరోజు ఉదయం ముందుగా మీ పేట ఇనుప దుకాణంలో కొత్త ఎం.ఎస్. కిలో ఎంతో అడగండి. ఆ అంకె మీ చేతిలో కొలబద్ద. పాత ఇనుము కొట్లో చెప్పే ధర దానికి దగ్గరికి వచ్చిందంటే ఆ ముక్కలో ఏదో ప్రత్యేకత ఉండాలి, మంచి ఉక్కో, పెద్ద దిమ్మో. లేకపోతే కొత్తదే కొనుక్కోవచ్చు. తమిళం రాకపోయినా ‘పళైయ ఇరుంబు’ అంటే పాత ఇనుము, ‘అడుప్పుక్కరి’ అంటే కర్రబొగ్గు, ఈ రెండు మాటలు చాలు. పుదుప్పేటలో తెలుగు అర్థమయ్యేవాళ్లు కూడా తగులుతారు.

జేబులో పెట్టుకెళ్లాల్సినవి:

- చిన్న అయస్కాంతం
- ఒక పాత ఆకురాయి ముక్క
- బేరింగ్‌లోంచి తీసిన గోళీ, అంగుళం సైజుది అయితే మేలు
- టేపు, చిన్న టార్చిలైటు
- మందపాటి గోనెసంచి

పాతవి కొనదగ్గవి: వైస్ (ముక్కని బిగించి పట్టేది), చేత్తో తిప్పే బ్లోయర్ (కొలిమికి గాలి ఊదేది), సుత్తులు, పట్టకార్లు, దిమ్మలు. కొత్తవే కొనాల్సినవి: యాంగిల్ గ్రైండర్, దాని డిస్కులు, కళ్లద్దాలు. గ్రైండర్ గార్డు పీకేసి వాడటం మన దగ్గర మామూలైపోయింది. మీరు మాత్రం తీయకండి. డిస్కు ముక్కలై ఎగిరినప్పుడు అడ్డం ఉండేది అదొక్కటే.

వైస్ కొనేటప్పుడు దవడలు పూర్తిగా తెరిచి స్క్రూ మరలు చూడండి. మధ్యలో అరిగి, చివర్లో కొత్తగా ఉంటాయి, అరుగుదల ఎంతో అక్కడే తెలుస్తుంది. దవడ కింద, వెనక అతుకు వెల్డింగ్ ఉందేమో టార్చి వేసి చూడండి. పోత ఇనుము వైస్‌కి వెల్డింగ్ అతుకు ఎక్కువ రోజులు ఆగదు. నేలదాకా కాలు దిగే లెగ్ వైస్ ఎక్కడైనా కనబడితే వదలకండి, సుత్తి దెబ్బ తట్టుకునే వైస్ అదే.

బ్లోయర్ పిడి గట్టిగా తిప్పి వదిలేయండి. ఇంకొన్ని చుట్లు తనంతట తాను తిరిగితే పళ్లు, బేరింగులు బాగున్నట్టు. వదలగానే గరగరమని ఆగితే బేరం వద్దు.

సుత్తి కిలో లోపుది చాలు, 800 గ్రాములు ఇంకా మంచిది. ఇంటికి తెచ్చాక ముఖం అంచులన్నీ గ్రైండర్‌తో గుండ్రంగా అరగదీయండి. కొత్త సుత్తి పదునైన అంచు ప్రతి దెబ్బకీ ఇనుము మీద నెలవంక గాటు పెడుతుంది, ఆ గాటు తర్వాత ఎంత కొట్టినా పోదు.

4. దాగలి: కొమ్ము లేకపోయినా పరవాలేదు

ఇంటర్నెట్‌లో కనిపించే కొమ్ము ఉన్న దాగలే దాగలి అనుకుని దానికోసం ఆరు నెలలు తిరిగేవాళ్లున్నారు. మన ఊళ్లలో కమ్మరి దాగలి ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి. మొద్దులో దిగేసిన నలుచదరపు ఉక్కు దిమ్మ, అంతే. నాగలి కర్రు నుంచి కొడవలి దాకా అన్నీ దాని మీదే అయ్యాయి.

కావలసింది సుత్తి కింద బరువు. 150 మి.మీ. వ్యాసం ఉన్న గుండ్రటి ఉక్కు దిమ్మ 30 సెం.మీ. పొడవుది నిలువుగా నిలబెడితే అది దాదాపు 42 కిలోలు. 100 మి.మీ. చదరపుది అంతే పొడవుకి 23 కిలోల పైన. మొదలుపెట్టడానికి ఇవి బ్రహ్మాండంగా సరిపోతాయి. మెషిన్ షాపుల దగ్గర మిగిలిన తుంటలు, ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ము ముక్కలు, లారీ యాక్సిల్ ముక్కలు అడగండి. ముక్కని నిలువుగా పెట్టండి, అడ్డంగా పడుకోబెడితే సగం బరువు దెబ్బకి పక్కగా ఉండిపోతుంది.

గుండ్రటి దిమ్మ బరువు కొట్లోనే లెక్కేసుకోవచ్చు. వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి కిలోలు వస్తాయి. కాటా మీద అనుమానం ఉంటే ఇది పనికొస్తుంది.

రైలు పట్టా ముక్క గురించి. దాగలికి అది మంచి ఉక్కే, మీటరుకి 52 లేదా 60 కిలోలు ఉంటుంది, 30 సెం.మీ. ముక్క 15 నుంచి 18 కిలోలు తూగుతుంది. కానీ రైల్వే వేలంలో కొన్నట్టు కాగితం లేకుండా కొనకండి. రైల్వే ఆస్తి అక్రమ స్వాధీనంపై 1966 నాటి చట్టం ఉంది. దొంగ సొత్తని అనుమానించదగ్గ రైల్వే సామాను మీ దగ్గర దొరికితే, అది సక్రమంగానే వచ్చిందని చూపించాల్సింది మీరే.

కొమ్ము ఉన్న పాత దాగలి నిజంగా దొరికితే మూడు పరీక్షలు:

- గోళీని 10 అంగుళాల ఎత్తు నుంచి దాగలి ముఖం (పై చదును) మీదకి వదలండి. 7 అంగుళాలో అంతకు మించో ఎగిరితే మంచి ఉక్కు. 3, 4 దగ్గరే ఆగితే పోత ఇనుము కావచ్చు.
- చిన్న సుత్తితో ముఖమంతా తట్టుకుంటూ వెళ్లండి. ఒకచోట గంటలా మోగి ఇంకోచోట బొంగురుగా వస్తే పై పలక లోపల విడిపోయి ఉండవచ్చు. మోగే తీరు ఒక్కటే చూసి కొనకండి, గోళీ పరీక్ష కూడా నెగ్గాలి.
- అంచు మీద ఆకురాయి రుద్దండి. జారిపోతే గట్టి ముఖం. తేలిగ్గా కొరికితే మెత్తది.

నేను మొదట కొన్నది రంగు వేసిన కొత్త పోత ఇనుము దాగలి. గోళీ పరీక్ష అప్పటికి నాకు తెలియదు. రెండో వారంలోనే అంచు బొప్పాయి ముక్కంత విరిగి కాలి పక్కన పడింది. ఆ డబ్బుకి రెండు మంచి దిమ్మలు వచ్చేవి.

దాగలి ఎత్తు ముఖ్యం. నిటారుగా నిలబడి పిడికిలి బిగించి చెయ్యి వేలాడేయండి, కణుపులు తగిలేంత ఎత్తులో పై ముఖం ఉండాలి. ఎక్కువ ఎత్తైతే భుజం నొప్పి, తక్కువైతే నడుం నొప్పి. కింద చింతమొద్దు దొరికితే సరే, లేకపోతే నాలుగు పలకల పెట్టె చేసి ఇసుక కూరి అందులో దిమ్మని సగం పాతండి. ఇసుకపెట్టె చప్పుడు కూడా బాగా తగ్గిస్తుంది. పక్కింటివాళ్లున్న చోట నేను దీనికే ఓటు వేస్తాను.

5. కొలిమి కట్టడం

చాలామంది లారీ బ్రేక్ డ్రమ్ముతో చేస్తారు. పనికొస్తుంది, కానీ కర్రబొగ్గుకి అది మరీ వెడల్పు, బొగ్గు ఊరికే కాలిపోతుంది. పైగా పాత డ్రమ్ముల్లోని బ్రేకు దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. తెస్తే నీళ్లతో కడగండి, గాలితో ఊదకండి.

నా సలహా మట్టిపెట్టె కొలిమి. దాదాపు ఖర్చే లేదు.

1. అడ్డంగా కోసిన పాత డ్రమ్ము గానీ, ఇనుప రేకు తొట్టె గానీ తీసుకోండి.
2. బంకమట్టి, ఇసుక సగం సగం కలిపి, పిండితే ముద్ద కట్టేంత తడితో మాత్రమే కూరండి. నీళ్లు ఎక్కువైతే ఎండాక పగుళ్లు.
3. మధ్యలో కాలువలా గుంట తీయండి: 25 సెం.మీ. పొడవు, 15 వెడల్పు, 12 లోతు.
4. గుంట అడుగు నుంచి 3 సెం.మీ. ఎత్తులో పక్కనుంచి అంగుళం ఇనుప పైపు లోపలికి రావాలి. పైపు నల్ల ఎం.ఎస్. పైపే. జి.ఐ. పైపు వద్దు, దాని మీది జింకు పూత వేడికి పొగై జ్వరం తెప్పిస్తుంది.
5. గుంటకి రెండు వైపులా ఒక్కో ఇటుక నిలబెడితే బొగ్గు ఎత్తుగా పోసుకోవచ్చు.
6. మూడు నాలుగు రోజులు నీడలో ఆరనిచ్చి, తర్వాత చిన్న మంటతో ఒక గంట కాల్చండి. తడిమట్టి మీద ఒక్కసారిగా పెద్ద నిప్పు వేస్తే పెళ్లలు ఎగురుతాయి. నదిరాళ్లు, కాంక్రీటు ముక్కలు దగ్గరికి రానీయకండి, అవి పేలతాయి.

తిత్తి బదులు చేతి బ్లోయర్. అది దొరికేదాకా పాత హెయిర్ డ్రయర్, చల్లగాలి స్విచ్చి మీద. దాన్ని పైపుకి గట్టిగా బిగించేయకండి, రెండు అంగుళాల సందు వదిలి ఎదురుగా పెట్టండి. దగ్గరికి జరిపితే గాలి ఎక్కువ, దూరం జరిపితే తక్కువ, వేరే రెగ్యులేటర్ అక్కర్లేదు. ఇంకో లాభం ఉంది. గాలి ఆపినప్పుడు బొగ్గు వాయువు పైపులోకి వెనక్కి వచ్చి, మళ్లీ గాలి పెట్టగానే ఢామ్మంటుంది. సందు ఉంటే అది బయటికి పోతుంది.

గ్యాస్ కొలిమి మొదట్లో వద్దంటాను. వంటకిచ్చే 14.2 కిలోల సిలిండర్‌ని దీనికి వాడటం నిబంధనలకి విరుద్ధం, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోవాలి. బర్నరు, రెగ్యులేటరు, లోపలి సెరామిక్ ఉన్ని అన్నీ కలిస్తే ఖర్చు బాగా పెరుగుతుంది. ఆర్నెల్లు బొగ్గు మీద చేశాక అప్పటికీ మోజు ఉంటే చూడొచ్చు.

6. బొగ్గు

ఇస్త్రీ బండివాళ్లు కొనే చోటే మీరూ కొనండి. తమిళనాడులో రామనాథపురం వైపు సర్కారు తుమ్మ కాల్చి బొగ్గు చేస్తారు, గట్టిది, బాగా వేడినిస్తుంది. కొబ్బరిచిప్ప బొగ్గు కూడా మంచిదే, కాకపోతే పలచటి పెంకులు గాలికి ఎగురుతాయి.

ముక్కలు ఉసిరికాయంత ఉండాలి. పెద్దవైతే మధ్యలో ఖాళీలు ఏర్పడి గాలి నేరుగా ఇనుముని తాకుతుంది, పొడైతే గాలే ఆడదు. పొడిని జల్లించి పక్కన పెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో బొగ్గు తేమ పీలుస్తుంది, మూత ఉన్న డబ్బాలో ఉంచండి. తడిసిన బొగ్గు చిటపటలాడి కళ్లలోకి ఎగురుతుంది.

7. ఏ ఇనుము, ఏది వద్దు

మొదటి కొనుగోలు: 10 మి.మీ. గుండ్రటి ఎం.ఎస్. కడ్డీ, ఒక పూర్తి పొడవు. 6 మీటర్లది 3.7 కిలోలు. అక్కడే 50 సెం.మీ. చొప్పున 12 ముక్కలు కోయించుకోండి. 50 సెం.మీ. ఎందుకంటే ఒక చివర ఎర్రగా ఉన్నా రెండో చివర చేత్తో పట్టుకోవచ్చు, మొదటి రోజే పట్టకార్లతో కుస్తీ పట్టక్కర్లేదు.

టీఎంటీ కడ్డీ ఇల్లు కట్టిన చోటల్లా ఊరికే దొరుకుతుంది. వంచడం, మొన తీయడం నేర్చుకోవడానికి ఫరవాలేదు. గట్టి ఉక్కు కదా అని దానితో ఉలి, కత్తి చేయకండి. దానిలో కార్బన్ తక్కువ, మిల్లులో పైపొరని నీళ్లతో చల్లార్చి తెచ్చిన గట్టిదనం మీ కొలిమిలో మొదటి వేడికే పోతుంది. ఒంటి మీది గీతలు కూడా మడతలై లోపల ఉండిపోతాయి.

కమాను పట్టీలు, షాక్ అబ్జార్బర్ స్ప్రింగులు తర్వాతి మెట్టు. మన లారీ పట్టీల్లో ఈఎన్ 45 రకం మామూలు, 0.5 నుంచి 0.6 శాతం కార్బన్, సిలికాన్ కాస్త ఎక్కువ. పాత పట్టీతో చిక్కేమిటంటే లక్షల సార్లు వంగి వంగి లోపల జుట్టు సన్నం పగుళ్లు ఉంటాయి. బోల్టు రంధ్రం చుట్టూ, తుప్పు గుంటలున్న చోట ఇంకా ఎక్కువ. విరిగిన పట్టీ చవగ్గా వస్తుంది కానీ విరగని పట్టీనే అడగండి. ఇంకా మంచిది, కమాన్లు కట్టే వర్క్‌షాపులో కొత్త పట్టీ కోయగా మిగిలిన తుంట.

ఏ ఉక్కో తెలియనప్పుడు: చిన్న ముక్క నారింజ ఎరుపు దాకా కాల్చి నీళ్లలో ముంచండి. చల్లారాక గుడ్డ చుట్టి వైస్‌లో బిగించి, కళ్లద్దాలు పెట్టుకుని కొట్టండి. వంగితే మెత్తది. గాజులా టప్పున విరిగితే పదును పట్టే ఉక్కు, అంటే కాల్చి ముంచితే గట్టిపడేది.

అసలు కొలిమిలో పెట్టకూడనివి:

- జింకు పూత ఉన్న ఏదైనా: జి.ఐ. పైపు, రేకు, మెరిసే బోల్టులు
- క్రోమ్ పూత ఉన్న రాడ్లు
- రెండు వైపులా మూసిన పైపు, షాక్ అబ్జార్బర్ సిలిండర్. లోపలి గాలో నూనో వేడెక్కి బాంబులా పేలుతుంది.

8. నిప్పు, రంగులు

నిప్పు అంటుకున్నాక బొగ్గు పైపు నోటి మీద కనీసం ఒక జానెడు ఎత్తు ఉండాలి. ఇనుముని పైపు నోటి ఎదురుగా దూర్చకండి. అక్కడ గాలి ఎక్కువ, ఇనుము మీద పొక్కు (కాలిన నల్లటి పెచ్చు) బాగా కడుతుంది. నోటికి కాస్త పైన, బొగ్గు మధ్యలో అడ్డంగా పెట్టి పైన ఇంకొంచెం బొగ్గు కప్పండి.

- ముదురు ఎరుపు, 700 దగ్గర: కొట్టడం ఆపేయాలి.
- నారింజ, 950 దగ్గర: వంచడానికి సరిపోతుంది.
- పసుపు, 1100 దగ్గర: ఎం.ఎస్.కి అసలైన పని ఇక్కడే.
- తెల్లగా, మతాబాలా రవ్వలు: కాలిపోయింది. ఆ చివర కోసి పారేయడమే.

స్ప్రింగ్ ఉక్కుని పసుపు దాటనీయకండి, నారింజకీ పసుపుకీ మధ్య పని చేయండి.

ఇనుము బయటికి తీసిన ప్రతిసారీ గాలి ఆపండి. ఈ ఒక్క అలవాటుతో బొగ్గు ఖర్చు బాగా తగ్గుతుంది.

9. మొదటి కొక్కెం

1. చివరి 5 సెం.మీ. పసుపు దాకా కాల్చండి. దాగలి అవతలి అంచు దగ్గర, కడ్డీ వెనకభాగం కాస్త ఎత్తిపట్టి, ముందు పొట్టి మొన తీయండి. రెండు దెబ్బలు, పావు చుట్టు తిప్పు, రెండు దెబ్బలు.
2. మొన నలుచదరంగా ఉండగానే వెనక్కి సాగదీసుకుంటూ 7, 8 సెం.మీ. పొడవు చేయండి. గుండ్రంగా చేయాలన్న తొందర వద్దు. నలుచదరం, తర్వాత నాలుగు మూలలు కొట్టి ఎనిమిది పలకలు, ఆ తర్వాతే గుండ్రం. వరస తప్పితే మొన మధ్యలో చీలిపోతుంది.
3. మళ్లీ వేడి. మొన చివర ఒక సెంటీమీటరు దాగలి అంచు మీద వంచి, తిప్పిపెట్టి వెనక్కి తట్టి చిన్న చుట్ట చేయండి.
4. ఆ చుట్టని మాత్రం నీళ్లలో ముంచి చల్లార్చి, వెనక భాగం నారింజలో ఉండగా వైస్‌లో బిగించిన ఒకటిన్నర అంగుళం పైపు మీద, చుట్ట వంగిన వైపుకి ఎదురుగా వంచండి. కొమ్ము ఉన్న దాగలి ఇక్కడ ఎందుకు అక్కర్లేదో మీకే తెలుస్తుంది.
5. చల్లారాక 25 సెం.మీ. దగ్గర హ్యాక్‌సా బ్లేడుతో కోయండి. మిగిలిన సగం రెండో కొక్కేనికి.
6. కొక్కెం వైపు లాకింగ్ ప్లయర్‌తో పట్టుకుని, కోసిన చివర కాల్చి పలచగా సాగగొట్టండి. చల్లారాక 5 మి.మీ. రంధ్రం డ్రిల్ చేయండి.
7. వైర్ బ్రష్‌తో పొక్కు రుద్ది, నల్లటి వేడిలో తేనెమైనం పూయండి. సన్నగా పొగ రావాలి, మంట అంటుకోకూడదు. సముద్రపు గాలికి మన ఊళ్లో ఏ ఇనుమైనా తుప్పు పడుతుంది, బయట తగిలించేదైతే అప్పుడప్పుడు మళ్లీ పూయండి.

మొదటి కొక్కేనికి పది పన్నెండు వేడులు పడతాయి. ఇరవయ్యో దానికి ఐదారుకి దిగుతుంది. ఆ లెక్క గోడమీద సుద్దముక్కతో రాసుకోండి, చేతి పని ఎంత బాగుపడిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

10. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసే తీరు

*మొన వజ్రంలా ఏటవాలు అవుతోంది.* పావు చుట్టు సరిగ్గా తిప్పడం లేదు. కాల్చి, ఎత్తుగా ఉన్న రెండు మూలలనే మెల్లగా తట్టి చదరానికి తెచ్చాక ముందుకెళ్లండి.

*మొన చివర చేపనోరులా గుంట పడింది.* చివర్ని వదిలేసి మధ్యలో కొట్టారు. ఆ నోరు కోసేసి, ఈసారి చివర నుంచే మొదలుపెట్టండి. మడిచి కొట్టేస్తే పగులు లోపలే ఉంటుంది.

*పొక్కు మందంగా కడుతోంది.* గాలి ఎక్కువ, బొగ్గు తక్కువ. గాలి తగ్గించి బొగ్గు ఎత్తు పెంచండి. కొట్టే ముందు ప్రతిసారీ దాగలి ముఖం మీది పొక్కు బ్రష్‌తో ఊడ్చండి, లేకపోతే అదే ఇనుములోకి గుచ్చుకుంటుంది.

*మోచెయ్యి నొప్పి.* పిడి గట్టిగా పిసుకుతున్నారు, లేదా చల్లటి ఇనుము కొడుతున్నారు, ఎక్కువగా రెండోది. ఇంకో నాలుగు దెబ్బలు వేద్దామనిపించినప్పుడే తిరిగి నిప్పులో పెట్టాలి.

*స్ప్రింగ్ ఉక్కు పగిలింది.* ముదురు ఎరుపులో కొట్టి ఉంటారు, లేదా వేడి ముక్కని అలవాటుగా నీళ్లలో ముంచి ఉంటారు. ఎం.ఎస్.ని ముంచితే ఏమీ కాదు, స్ప్రింగ్ ఉక్కుని మాత్రం పని మధ్యలో నీళ్లకు చూపించకండి.

11. కొక్కేల తర్వాత: స్ప్రింగుతో ఉలి

కారు కాయిల్ స్ప్రింగు ఒక చుట్టు కోసి, కాల్చి తిన్నగా చేసి, ఒక చివర ఉలిలా పలచగా సాగగొట్టండి. తర్వాత మూడుసార్లు, అయస్కాంతం అంటుకోనంత దాకా కాల్చి గాలిలోనే చల్లారనివ్వాలి. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతాన్ని వదిలేస్తుంది, కొలిమిలో మనకి నమ్మకమైన థర్మామీటరు అదే.

పదును పట్టేటప్పుడు చివరి 3 సెం.మీ. మాత్రమే, అయస్కాంతం వదిలాక ఇంకాస్త వేడి చేసి, నిలువుగా నూనెలో ముంచండి. లోతైన ఇనుప గిన్నెలో మూడు నాలుగు లీటర్ల వేరుశెనగ నూనె, 50, 60 డిగ్రీల దాకా ముందే వేడి చేసింది. ప్లాస్టిక్ డబ్బా పనికిరాదు. ఇనుప మూత పక్కనే ఉండాలి, మంట లేస్తే మూసేయడమే, నీళ్లు పోయకూడదు. పాత ఇంజిన్ ఆయిలు వద్దు, దాని పొగ మంచిది కాదు.

ఆకురాయి జారిపోతే పదును పట్టినట్టు. ఇప్పుడది గాజులా పెళుసు, ఇలాగే కొడితే ముక్కలు ఎగురుతాయి. చివర ఎమరీ పేపరుతో మెరిసేలా రుద్ది, వెనకనుంచి మెల్లగా వేడెక్కించండి. లేత గడ్డిరంగు, గోధుమ, ఊదా, నీలం వరసగా కొస వైపు జరుగుతాయి. ఊదా నీలంలోకి మారే రంగు కొసకి చేరగానే నీళ్లలో ముంచి ఆపేయండి. సుత్తి దెబ్బ పడే తల వైపు మెత్తగానే వదిలేయాలి.

కత్తి చేయాలన్న కోరిక అప్పటికీ ఉంటే వంటింటి కత్తితో మొదలుపెట్టండి. ఇంటి పనికో పొలం పనికో కానిది, బ్లేడు 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్నది ఆయుధాల నిబంధనల కిందికి వస్తుంది. కటార్లు, ఖడ్గాలు అసలు వద్దు.

12. పని ముగించేటప్పుడు

- గాలి ఆపి, బొగ్గుల్ని గుంటలోంచి లాగి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి మూసేయండి. గాలి అందక ఆరిపోతాయి, రేపటికి పనికొస్తాయి.
- నీళ్లు పోసి ఆర్పకండి, మట్టి పగులుతుంది.
- వేడి ముక్కలన్నీ ఒకే చోట పెట్టి, వాటి మీద సుద్దతో ‘వేడి’ అని రాయండి. పిల్లలున్న ఇంట్లో పూర్తిగా చల్లారేదాకా అక్కడి నుంచి కదలకండి.
- దాగలి ముఖానికి, వైస్ మరలకి నూనె గుడ్డ పెట్టండి.
- వెళ్లే ముందు డబ్బా మూత మీద చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. ఇంకా వేడిగా ఉంటే దాన్ని గోడకీ కర్రలకీ దూరంగా ఇసుక మీదకి జరిపి, అరగంట తర్వాత మళ్లీ వచ్చి చూడండి.